ఒక్క పేజీ కాగితం, ఒక్క పొద్దుటి ఆట

తెలంగాణ రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ చైర్మన్ శ్రీ దిల్ రాజు గారికి,



ఆర్టీసీ క్రాస్ రోడ్స్ గురించి మీకు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. మీరు డిస్ట్రిబ్యూటర్‌గా మొదలైనవారు. శుక్రవారం మొదటి ఆట వదిలాక సంధ్య, దేవి, సుదర్శన్ మెట్లు దిగే జనం మొహాలు చూసి సినిమా జాతకం చెప్పేయగల తరం మీది. ఈ ఉత్తరం ఆ థియేటర్ల గురించి కాదు, వాటి వెనక సందుల గురించి. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ సందుల్లో ఏటా చలికాలం మొదలవగానే ఫోన్లూ చిన్న కెమెరాలూ పట్టుకుని తిరిగే డిగ్రీ పిల్లల గురించి.

నేను ఈ చుట్టుపక్కలే ఒక కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ చెబుతాను. ఆఖరి సంవత్సరం పిల్లలు గ్రూపులుగా చేరి ఒక షార్ట్ ఫిల్మ్ తీసి చూపించాలి. దానికి మార్కులుంటాయి. కథ వాళ్లిష్టం. ఏం తీస్తారని అడిగితే దాదాపు ప్రతి గ్రూపూ "థ్రిల్లర్ సార్" అంటుంది. లవ్ స్టోరీకైతే మొహంలో ప్రేమ పలకాలి, కామెడీకి టైమింగ్ కుదరాలి, థ్రిల్లర్‌కు మాత్రం కాస్త చీకటీ, నడిచే కాళ్లూ, వెనక ఎక్కడినుంచో దింపుకున్న మ్యూజిక్కూ ఉంటే సరిపోతుందని వాళ్ల నమ్మకం. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. ప్రేమకథలో చివరికి వాళ్లిద్దరూ కలుస్తారని టికెట్ కొన్నప్పుడే తెలుసు, అయినా కూర్చుని చూస్తాం. థ్రిల్లర్‌ను ప్రేక్షకుడు అర నిమిషం ముందే కనిపెట్టేశాడంటే ఇక ఆ సినిమాకు నూకలు చెల్లినట్టే. ఈ మాట నేను పిల్లలకు ముందే చెప్పను. నల్ల హుడీ తొడిగిన హంతకుడితో, టమాటా సాసు రక్తంతో మొదటి రష్ వేసుకుని చూసినప్పుడు క్లాసంతా పగలబడి నవ్వుతుందే, అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

మొన్నటి బ్యాచ్‌లో ఒక గ్రూపు ఆ నవ్వుల దాకా రాకుండా కాగితం మీదే ఆ గండం దాటేసింది. ముగ్గురమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. వాళ్ల కథలో హత్య లేదు, కత్తి లేదు. అశోక్ నగర్‌లో ఒక స్టడీ హాలు. తెల్లారితే పరీక్ష. గ్రూప్-1కి చదువుతున్న ఒకాయన కిందికెళ్లి టీ తాగి వచ్చేసరికి తన క్యాబిన్‌లో, పుస్తకాల మధ్య, సీలు వేసిన కవరొకటి ఉంటుంది. పైన తన హాల్ టికెట్ నంబరు. తెరుస్తాడా, తెరవడా? ఎనిమిది నిమిషాల సినిమాకు కథ అంతే.

ఆ కవరు ఎందుకంత భయపెడుతుందో హైదరాబాదులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ల లీకేజీ బయటపడ్డాక, 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెడితే దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ముచ్చటగా మూడో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఆ మెయిన్స్‌కు ముందు ఇదే అశోక్ నగర్ రోడ్ల మీద నినాదాలు, పోలీసు వ్యాన్లు. గ్రూప్-1 కోసం ఒకే మనిషి మూడుసార్లు ప్రిలిమ్స్ రాసిన పేట ఇది. ఇక్కడ తుపాకీ చూపిస్తే ఎవడు జడుస్తాడు, కవరు చూపించాలి గానీ. ఇరవయ్యేళ్లు నిండీ నిండని పిల్లలకు ఆ సంగతి తట్టినందుకు సంతోషించాలో దిగులుపడాలో నాకైతే తేలలేదు.

వాళ్లు దాన్ని ఎలా తీశారో కాస్త వివరంగా చెప్పనివ్వండి. నేను మిమ్మల్ని అడగబోయేది అందులోంచే వస్తుంది.

థ్రిల్లరంటే రాత్రి. ముగ్గురమ్మాయిలూ హాస్టళ్లలో ఉంటారు, గేటు తొమ్మిదికల్లా మూసేస్తారు. చాలా గ్రూపుల్లో ఈ కారణంగానే అమ్మాయిలు స్క్రిప్టూ సబ్‌టైటిళ్లూ రాసే పనికి పరిమితమైపోతారు, కెమెరా అబ్బాయిల చేతికి వెళ్లిపోతుంది. వీళ్లు మాత్రం ఒక కిటుకు పట్టారు. వాళ్లు ఎంచుకున్న స్టడీ హాలుకు కిటికీల్లేవు. ప్లైవుడ్ అడ్డాలు, ట్యూబులైట్లు, ఒక గోడ గడియారం. మిట్టమధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా లోపల ఒకటే వెలుతురు. గడియారం ముల్లు తిప్పేసరికి రాత్రి అయిపోయింది. ఓనరు ఒకే ఒక్క షరతు పెట్టాడు: చదువుకునేవాళ్లకు చప్పుడు వినపడకూడదు. కాబట్టి ఆ షూటింగులో ఎవరూ "యాక్షన్" అనలేదు, "కట్" అనలేదు. కెమెరా పట్టిన అమ్మాయి ఎడమచేత్తో ఎర్ర పెన్ను పైకెత్తితే మొదలు, దించితే ఆపు. పక్క క్యాబిన్లలో పాలిటీ, ఎకానమీ బట్టీ పడుతున్నవాళ్లు అక్కడ సినిమా తీస్తున్నారని చాలాసేపు గమనించనే లేదు. ఫ్రేములో వెనక కనిపించే వీపులన్నీ అసలైన వీపులే. తరవాత వాళ్లకు చూపించి, సరేనన్నవాళ్లవి మాత్రమే ఉంచారు.

ఇంకో సీను జిరాక్స్ షాపులో. ఆ కవరు చంకలో పెట్టుకుని హీరో జిరాక్స్ షాపుకొస్తాడు, వెనక ఎవరో ఉన్నట్టు అనుమానం. లైట్లు అద్దెకు తెచ్చే డబ్బుల్లేవు. షాపాయన షట్టరు సగం దించి, ట్యూబులైటు ఆర్పి, మిషను మూత తెరిచిపెట్టి బటన్ నొక్కాడు. తెల్లటి వెలుతురు పట్టీ ఒకటి హీరో గడ్డం కింద మొదలై నుదుటి దాకా పాకి ఆరిపోతుంది. చీకటి. మళ్లీ పాకుతుంది. వెలిగిన ప్రతిసారీ వెనక గోడ మీద నీడ ఇందాకటి కన్నా పెద్దదై కనిపిస్తుంది. ఇంకేం లేదు, చీకటైనప్పుడల్లా గ్రూపులో ఒక కుర్రాడు ఒక్కో అడుగు ముందుకేశాడు. మూత తెరిచి తీస్తే కాపీలు నల్లగా వస్తాయి కదా, షూటింగయ్యేసరికి కౌంటరు మీద నల్ల కాగితాల కట్ట పేరుకుంది. "టోనరు ఊకెనే వస్తదా బిడ్డా" అని వాటి డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నాడాయన. ఏ లైట్‌మనూ ఇంతకన్నా మంచి లైటింగ్ ఇచ్చి ఉండడు.

సౌండు దగ్గర మాత్రం నేను కొంచెం మొండికేశాను. గ్రూపు ప్రాజెక్టుల్లో అందరూ డైరెక్టర్లే, మైకు పట్టుకుంటానన్నవాడు ఒక్కడూ దొరకడు. వంశీ 'అన్వేషణ' 1985 నాటిది, వీళ్ల అమ్మానాన్నల చిన్ననాటి సినిమా. దాంట్లో కొంత భాగం ప్రొజెక్టరు ఆర్పేసి క్లాసులో వట్టి శబ్దం వినిపించాను. ఇళయరాజా వాయించిన చోట కాదు, వాయించడం ఆపేసిన చోట వెనక బెంచీలు నిశ్శబ్దమైపోయాయి. ఆ మర్నాడే వీళ్లు దింపుకున్న మ్యూజిక్ తీసి పారేశారు. ప్లాస్టిక్ కుర్చీ కాలు టైల్స్ మీద ఈడ్చిన చప్పుడు, కవరు అంచు మీద గోరు రాసుకునే చప్పుడు, పాత ఫ్యాను కిర్రుమనడం. సినిమా మొత్తానికి సంగీతం అదే.

ఇక హీరో. మొదట గ్రూపులో కుర్రాడికే మీసం అతికించి చూశారు. స్కూలు వార్షికోత్సవంలా ఉంది. చివరికి ఆ హాల్లోనే చదువుకుంటున్న ఒకాయన్ని బతిమాలారు. ముప్పై దాటినాయన, ఊరు చెప్పను. ఆయన ఒప్పుకున్నాడు గానీ, "కవరు మాత్రం తెరవ" అన్నాడు. స్క్రిప్టులో చివరికి తెరుస్తాడు. "అది సినిమా కదన్నా" అన్నారు పిల్లలు. "సినిమా అని మీకు తెలుసు. మా ఊర్ల ఫోన్ల చూసేటోళ్లకు నేనే కనపడ్త. రేపు నాకు నిజంగ జాబొస్తే గీ వీడియోనే తీసి చూపెడ్తరు" అన్నాడాయన.

పిల్లలు కోపంతో నా దగ్గరికొచ్చారు. వేరేవాణ్ని వెతుక్కోండి అనడం సులువే, అనలేదు. ఒక రాత్రంతా ఫోన్లలో కొట్లాడుకుని క్లైమాక్స్ మార్చుకున్నారు. ఇప్పుడు ఆయన కవరును తెరవకుండా సంచిలో పెట్టుకునే పరీక్షకు వెళ్తాడు. సంచి బయట వరండాలో ఉంటుంది. లోపల ఇన్విజిలేటర్ ప్రశ్నపత్రాల కట్ట సీలు తెంచుతుండగా సినిమా అయిపోతుంది. కవర్లో ఉన్నదీ కట్టలో ఉన్నదీ ఒకటేనా? ఆయనకూ తెలీదు, మనకూ తెలీదు. మొదటి క్లైమాక్స్ కన్నా ఇది ఎన్ని రెట్లు మేలో మీకు నేను చెప్పాలా? అది క్లాసులో పుట్టింది కాదు సార్. పరువు పోతుందని భయపడ్డ ఒక అభ్యర్థి ఇచ్చిన క్లైమాక్స్ అది. ఈ వీధుల్లో తీస్తేనే దొరుకుతుంది, స్టూడియోలో సెట్ వేస్తే దొరకదు.

చిక్కంతా గడప దాటాకే మొదలైంది. క్రాస్ రోడ్స్ దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడి తలెత్తి చూడండి. కింద రోడ్డు, దాని మీద 2020 ఫిబ్రవరి నుంచి తిరుగుతున్న మెట్రో, ఆ మెట్రోకూ పైన ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా వేసిన ఉక్కు వంతెన. 2023 ఆగస్టు 19న ప్రారంభించి నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. మూడంతస్తుల కింద ఒంటరిగా నడిచే మనిషి. ఏ కెమెరామన్‌కైనా నోరూరే ఫ్రేము. పిల్లలు ట్రైపాడ్ ఇలా తెరిచారో లేదో, "పర్మిషన్ ఉందా?" ఎక్కడ తీసుకోవాలి సార్ అంటే, "అది మీరు కనుక్కోవాలె." ఆ కనుక్కోవడంలో భాగంగా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగారు. ఏ ఆఫీసులో చెప్పను, చెప్పి లాభం లేదు. ఒకచోట మీ బేనరు ఏదన్నారు. ఇంకోచోట ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టరైందా అన్నారు. మూడోచోట డిపాజిట్ మాట వినపడగానే వీళ్లు లేచొచ్చేశారు. చివరికి ఆ షాట్‌ను బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి, ఫోనుతో దొంగచాటుగా లాగారు. కాస్త వణికింది. వణుకు కథకు బాగానే అతికింది గానీ, ఒక కాలేజీ విద్యార్థిని తన పరీక్ష కోసం చేసే పని దొంగపనిలా చేయాల్సి రావడం నాకు నచ్చలేదు.

పోలీసుల మీద నాకు కోపం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది ఈ క్రాస్ రోడ్స్‌లోనే. సినిమా పేరు చెప్పి జనం గుమిగూడితే ఏమవుతుందో చూసినవాళ్లకు కెమెరా కనిపించగానే గుండె గుభేలుమనడం సహజం. పైగా నడిరోడ్డు మీద బొమ్మ పిస్తోలు తీసి పరిగెత్తే రీల్స్ వీరులూ తక్కువేం లేరు. ఎదుటివాడికి అది బొమ్మని ఎలా తెలుస్తుంది? రేపు పరీక్ష ఉన్న అభ్యర్థి కిటికీ కింద ఇరవై టేకులు అరిచేవాళ్లను నేనే తరిమేస్తాను. అందుకే మా పిల్లల్ని చూసీచూడనట్టు వదిలేయండి అని అడగడం లేదు. వదిలేయడమంటే ఇవాళ ఒకాయన వదిలేస్తాడు, రేపు ఇంకొకాయన ట్రైపాడ్ లాక్కుంటాడు. నియమం పెట్టండి అంటున్నాను.

ఆ నియమం ఒక్క పేజీలో పట్టాలి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం, తీసేవాళ్ల గుర్తింపు కార్డుల నంబర్లు, బాధ్యత వహించే అధ్యాపకుడి ఫోను. మనుషులు పదికి మించకూడదు. చేతిలో పట్టే కెమెరా, ఒక ట్రైపాడ్, అంతే. డ్రోన్ వద్దు, జనరేటర్ వద్దు, ఆయుధం ఆకారంలో ఉన్నదేదీ రోడ్డు మీదికి రాకూడదు, దారి ఆపకూడదు. ఫీజు, డిపాజిట్ ఉండకూడదు. ఆ కాగితం మీ సంస్థ నుంచి ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కూ, సంబంధిత శాఖకూ ఒకేసారి చేరాలి. పిల్లల చేతికి వచ్చేసరికి దాని మీద ఒక ముద్ర ఉండాలి. రాత్రి షూటింగైతే మహిళల భద్రత చూసే షీ టీమ్స్‌కు కూడా కబురు వెళ్లే ఏర్పాటుండాలి. ఈ చివరి మాటను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. అలాంటి కాగితం ఉంటే హాస్టల్ వార్డెన్ గేటు తీస్తుంది, ఇంట్లో నాన్న ఊరుకుంటాడు. మన థ్రిల్లర్లలో అమ్మాయిలు ఇప్పటిదాకా పరిగెత్తడానికీ కేకలేయడానికీ పనికొచ్చారు. కెమెరా వెనక వాళ్లుంటే భయం ఇంకో కోణంలో కనిపిస్తుంది. ఎర్ర పెన్ను అమ్మాయి తీసిన ఫ్రేములు చూశాక నాకు ఆ విషయంలో అనుమానం మిగల్లేదు.

పెద్ద సినిమాలకు అనుమతులు ఇప్పించే పనిలో మీ సంస్థ ఉంది. దానికన్నా ఇది ఎంతో చిన్న పని. చిన్నదనే ఎవరూ పట్టించుకోలేదేమో.

కొత్తవాళ్లను నమ్మడం మీకు కొత్త కాదు. 2004లో 'ఆర్య'తో సుకుమార్, 2005లో 'భద్ర'తో బోయపాటి శ్రీను, 2006లో 'బొమ్మరిల్లు'తో భాస్కర్, 2023లో 'బలగం'తో వేణు ఎల్దండి, వీళ్లందరి మొదటి సినిమా మీ నిర్మాణ సంస్థల్లోదే. సుకుమార్ అంతకుముందు లెక్కల మాస్టారు. నేనడిగేది ఆ మొదటి సినిమాకు రెండు మెట్లు కిందిది. షార్ట్ ఫిల్ములు తీసి తీసి చేయి తిరిగాకే సుజీత్ 2014లో 'రన్ రాజా రన్' తీశాడు. క్రిస్టోఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' 1998లో వచ్చింది. అదీ థ్రిల్లరే. అందరికీ ఉద్యోగాలుండటంతో శనివారాలు మాత్రమే, స్నేహితులతో, లండన్‌లో, దాదాపు ఏడాది పాటు తీశాడు. ఫిల్ము కొనే స్తోమత లేక, ఒకటి రెండు టేకుల్లోనే ఓకే అయ్యేలా ముందే రిహార్సల్స్ చేయించాడు. లేమి నేర్పే ఆ చదువు మా పిల్లలకు పుష్కలంగా ఉంది. అది మీరు ఇవ్వక్కర్లేదు.

2025లో మీ సంస్థ 'బతుకమ్మ యంగ్ ఫిల్మ్‌మేకర్స్ చాలెంజ్' పెట్టినప్పుడు మా పిల్లలు ఉత్సాహపడ్డారు. మంచి ప్రయత్నమే, కాదనను. కానీ ప్రభుత్వ పథకాలూ సంస్కృతీ ఇతివృత్తమన్నాక, తెరవని కవరుకు అందులో చోటెక్కడుంది? పథకం మీద తీయమంటే ప్రకటన తీస్తారు. బహుమతి కోసం బాగానే తీస్తారు కూడా. భయం మీద తీయమంటే మాత్రం తమ వీధినీ తమ ఈడునూ తీస్తారు. రెండోది ప్రభుత్వానికి కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు. లీకేజీ కథను ఏ ప్రభుత్వమూ ముచ్చటపడి చూడదు. అయినా అలాంటి కథలకు మీ సంస్థలో ఒక చోటు ఉండాలని నా వాదన.

రెండో కోరిక తెర. మా పిల్లల సినిమాలన్నీ చివరికి యూట్యూబులోనే తేలతాయి. ఫోన్లో థ్రిల్లర్ చూసేవాడి వేలు ఎప్పుడూ ముందుకు జరపడానికి సిద్ధంగా ఉంటుంది. జిరాక్స్ సీనులో ఆ చీకటి సరిగ్గా ఎంతసేపు ఉండాలో హాల్లో కూర్చున్న పరాయి మనుషుల ఊపిరి విని తెలుసుకోవాలి తప్ప, ఎడిటింగ్ టేబుల్ దగ్గర తేలదు. దీనికి మన ఊళ్లోనే దారి పడి ఉంది. భాషా సాంస్కృతిక శాఖ 2016లో రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో మొదలెట్టిన 'సినివారం' ఎందరో కుర్రాళ్లకు మొదటి ప్రేక్షకుల్ని ఇచ్చింది. దాన్ని క్రాస్ రోడ్స్ దాకా తీసుకురండి. నెలకొక్క రోజు, రెగ్యులర్ షోలు మొదలు కాకముందు, ఏదో ఒక సింగిల్ స్క్రీన్‌లో ఒక పొద్దుటి ఆట. కుదరకపోతే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక తెర కట్టినా చాలు. థియేటర్‌లో జనానికి చూపించాలంటే ఎంత చిన్న సినిమాకైనా సెన్సారు సర్టిఫికెట్ కావాలన్న సంగతి మీకు తెలిసిందే. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు కేంద్రం ఇచ్చే మినహాయింపు లాంటిది విద్యార్థుల ప్రదర్శనకు తేవడం ఒక లెక్చరర్ వల్లయ్యే పని కాదు, ఒక కార్పొరేషన్ వల్ల అవుతుంది. థియేటర్ సర్వర్‌కు ఎక్కేలా ఫైలు మార్చి ఇవ్వడమూ అంతే. ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోకు మీరు ఒక్క ఫోను చేస్తే అయిపోతుంది.

ఆ ఆటకు టికెట్ పెట్టొద్దు. చుట్టుపక్కల స్టడీ హాళ్ల వాళ్లను పిలవండి. ఏళ్ల తరబడి పుస్తకాల్లో తలలు దూర్చుకుని కూర్చున్న ఆ జనం కన్నా నిక్కచ్చి ప్రేక్షకులు దొరకరు. బాగా లేకపోతే మొహమాటం లేకుండా లేచిపోతారు, టైము వాళ్లకు అంత ఖరీదైనది.

పైన చెప్పిన ఒక్క పేజీ అనుమతి పత్రానికి నమూనా ఒకటి మా విద్యార్థులే తయారు చేశారు. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి. దాన్ని ఈ ఉత్తరంతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఏవి కొట్టేయాలో, ఏవి చేర్చాలో మీ అధికారులు ఎర్ర సిరాతో గుర్తుపెట్టి వెనక్కి పంపినా సంతోషమే, దిద్ది మళ్లీ పంపుతాం. వచ్చే బ్యాచ్ పిల్లలు దసరా సెలవులవగానే కథలు మొదలుపెడతారు, డిసెంబరుకల్లా వీధిలోకి వస్తారు. ఆ లోపు జవాబు వస్తే వాళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
నారాయణగూడ నుంచి ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు